మడతలో తెగిన గద్వాల చీర: ఇంట్లోని కళకు ఎండ లెక్క, తేమ లెక్క

చీర మీద పసుపు మరక పడితే మా అమ్మ తొందరపడేది కాదు. సబ్బు తగలగానే ఆ మరక ఎర్రబడేది. బాగా జాడించి, మరక పైకి కనపడేలా దండెం మీద ఎండకు వేసేది. పొద్దుగూకే వేళకు మరక జాడ ఉండేది కాదు. పసుపుకు రంగునిచ్చే పదార్థాన్ని ఎండ విరగ్గొడుతుంది. ఆ రసాయనం పేరు తెలియకపోయినా, పని మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. హాల్లో కిటికీ ఎదురుగా వేలాడే పోచంపల్లి గుడ్డ మీద, పెళ్లి ఫొటో మీద అదే ఎండ రోజూ అదే పని చేస్తున్నదని మాత్రం మనకు తట్టదు. మరక పోతే సంతోషిస్తాం. రంగు పోతే "పాతదైంది" అని సరిపెట్టుకుంటాం.

మా అమ్మమ్మ గద్వాల చీర కూడా పాతదై పోయిందనే అనుకున్నాం. నలభై ఏళ్లకు పైగా సందుగలో ఉంది. ఓ రోహిణి కార్తెలో, ఇంట్లో పెళ్లి ఉందని తీసి విప్పితే, మడత ఉన్న గీత వెంట అంచు నిలువునా విడిపోయింది. చిరిగిన చప్పుడు కూడా రాలేదు. మడత పడని చోట మాత్రం అదే పట్టు, అదే జరీ ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. చీరకంతటికీ వయసు ఒక్కటే అయినప్పుడు మడత దగ్గరే ఎందుకు తెగింది? ఈ ప్రశ్న వెంట పడి చదివినవి, కొలిచి చూసుకున్నవి ఇక్కడ చెబుతున్నాను.

"మా ఇంట్లో కళాఖండాలేమున్నాయి" అని చాలామంది అంటారు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ మాట చెల్లదు. 2016, 2019 విభజనల తర్వాత ఈ రెండూ ప్రధానంగా ఎనిమిది జిల్లాలయ్యాయి. ఆ ఎనిమిదింటిలోనే గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక ఉన్నాయి. నాలుగూ నేతకు పేరుపడ్డ చోట్లు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నేతకారులు గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ ఇచ్చారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పనితో తల్లి పడే భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం రాకముందు ఒక్క పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి చెయ్యి దాదాపు 9,000 సార్లు ముందుకూ వెనక్కూ కదలాల్సి వచ్చేది. ఆ తర్వాత రంగు అంటకూడని చోట నూలుకు చిటికి కట్టాలి, రంగులో ముంచాలి, విప్పి నెయ్యాలి. ఇంత చాకిరీ బీరువా అడుగు అరలో పాత వార్తాపత్రిక మీద పడి ఉంటుంది.

ఒక గంట ఎండ, 250 రోజుల వెలుతురు

వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. బట్ట, కాగితం, నీటిరంగుల బొమ్మ, రంగుల ఫొటో మీద 50 లక్స్‌కు మించి పడనివ్వకూడదన్నది మ్యూజియంలు ఎప్పటినుంచో పాటిస్తున్న కొలత. నూనెరంగుల చిత్రాలకైతే 200 దాకా ఒప్పుకుంటారు. నడినెత్తి మీది మన ఎండ దాదాపు 1,00,000 లక్స్.

వెలుతురు చేసే నష్టం కూడుతూ పోతుంది. నిన్నటి దాని మీద ఇవాళ్టిది చేరుతుంది, రాత్రి చీకట్లో ఉంచినంత మాత్రాన పోయింది తిరిగి రాదు. కాబట్టి లక్స్‌ను గంటలతో హెచ్చవేసి చూడాలి. మ్యూజియంలో 50 లక్స్ కింద రోజుకు 8 గంటలు పెడితే 400 లక్స్-గంటలు. ఎండలో ఒక్క గంట ఆరేస్తే 1,00,000. అంటే దండెం మీది ఆ ఒక్క గంట, మ్యూజియంలో 250 రోజులకు సమానం. సందుగలోని పట్టుచీరలు ఏడాదికోసారి ఎండకు వేయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. గాలి తగలాలన్న ఆలోచన మంచిదే. నీడలో, ఫ్యాను కింద వేసినా ఆ గాలి తగులుతుంది.

ఇంట్లోకి వద్దాం. పడమటి కిటికీకి దగ్గరగా ఉన్న గోడ మీద మధ్యాహ్నం నాలుగు గంటల పాటు 2,000 లక్స్ పడిందనుకోండి. రోజుకు 8,000 లక్స్-గంటలు. మ్యూజియం లెక్కలో ఇది 20 రోజులు. ఆ గోడకు ఏడాది వేలాడిన బట్ట ఇరవయ్యేళ్ల వెలుతురు చూసేసినట్టే. ట్యూబ్‌లైటు గదిలో వెలుతురు మామూలుగా 100 నుంచి 300 లక్స్ మధ్య ఉంటుంది, కిటికీతో పోలిస్తే అది చిన్నది. ఫోనులో లక్స్ కొలిచే యాప్‌లు ఉన్నాయి. కచ్చితంగా చూపవు గాని, ఏ గోడ మండుతున్నదో, ఏది చల్లగా ఉందో తెలుసుకోవడానికి సరిపోతాయి. పటానికి అద్దం ఉంది కదా అని ధైర్యపడొద్దు. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది, కంటికి కనిపించే వెలుగును ఆపనే ఆపదు.

నష్టం మొదలైందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన సులువైన దారి, ఫ్రేమును విప్పి అంచు కిందికి చూడటం. ఫ్రేము చెక్క కప్పిన ఆ అర అంగుళంలో అసలు రంగు ఉంటుంది. దానికీ మధ్య భాగానికీ తేడా కనిపిస్తే ఎన్నేళ్లలో ఎంత పోయిందో మీ కళ్ల ముందే ఉన్నట్టు. ఇంట్లో పాత రంగు గుడ్డ ముక్క ఉంటే సగం అట్టతో కప్పి కిటికీలో అతికించండి. నెల తర్వాత అట్ట తీసి చూస్తే ఆ కిటికీ సంగతి తెలిసిపోతుంది.

అన్ని రంగులూ ఒకేలా పోవు. తేలియా రుమాలుకు వాడే నూలును నూనెలో, ఆముదపు కాయల తొక్కల బూడిద కలిపిన నీళ్లలో చాలా రోజులు నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. ఆముదం ఈ రెండు జిల్లాల మెట్ట చేలల్లో పండే పంట. ఊరి చేనులోని బూడిదే ఊరి రంగుకు బలమైంది. అట్లా తయారైన నూలు ఎరుపును గట్టిగా పట్టుకుంటుంది. పసుపు వంటి మొక్కల రంగులు మాత్రం ముందు పోతాయి. ఆకుపచ్చ గుడ్డ కొన్నేళ్లకు నీలంగా కనిపిస్తే, పచ్చలోని పసుపు పోయి నీలం మిగిలిందన్నమాట.

25 నుంచి 80కి

మనది పొడి నేల. పాత ఉమ్మడి జిల్లాల లెక్కలో మహబూబ్‌నగర్ సగటు వర్షపాతం ఏడాదికి దాదాపు 600 మిల్లీమీటర్లు, నల్లగొండది దాదాపు 750. సముద్రం పక్కన ఉన్నవాళ్లలా ఏడాది పొడుగునా బూజుతో పోరాడే బాధ మనకు లేదు. అందుకే తేమ గురించి మనం పట్టించుకోం. అమ్మమ్మ చీరను తెంపింది ఆ నిర్లక్ష్యమేనని ఇప్పుడు నమ్ముతున్నాను.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం గాలిలో తేమ 25 శాతానికి, ఒక్కోసారి అంతకంటే కిందికి పడిపోతుంది. మిరుగం వచ్చి నాలుగు వానలు పడ్డాక తెల్లవారుజామున అది 80 దాటుతుంది. ఈ మార్పు కొన్ని వారాల్లోనే జరుగుతుంది. బట్ట, కాగితం, చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతాయి, వదిలి బిగుస్తాయి. గద్వాల చీరలో ఈ కథ ఇంకా చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే దాని ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే ఒకదానితో ఒకటి పెనవేసి కలుపుతారు. వస్త్రశాస్త్రం లెక్కలో, గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు నూలు తన బరువులో సుమారు 8.5 శాతం నీటిని పట్టుకుంటుంది, పట్టు 11 శాతం. జరీ తీగ ఏమీ పట్టుకోదు. ఒకే చీరలో మూడు పదార్థాలు మూడు రకాలుగా ఉబ్బి తగ్గుతుంటే, అన్నీ ఒకచోట వంగి ఉన్నది మడత దగ్గర. అక్కడ జరీ తీగ వంగీ వంగీ విరుగుతుంది, విరిగిన మొన పక్కనున్న పట్టు పోగును కోస్తుంది. నలభై ఏళ్లు, ఏడాదికో ఉబ్బు, ఒకే గీత మీద. మా చీర కథ అంతే.

మన ఇళ్లలో ఈ తేడాను ఇంకా పెంచేది కూలర్. ఎండాకాలం రాత్రి కూలర్ వేసిన గదిలో తేమ 25 నుంచి 60, 70 దాకా ఎక్కుతుంది, పొద్దున ఆపగానే మళ్లీ పడిపోతుంది. ప్రకృతి ఏడాదికోసారి చేసే పనిని కూలర్ రోజుకోసారి చేస్తుంది. పటాలున్న గోడకు, చీరల బీరువాకు ఎదురుగా కూలర్ పెట్టకండి. గదిలో తేమ చూపే చిన్న యంత్రం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. 65 దాటి రోజుల తరబడి నిలిస్తే బూజుకు దారి పడ్డట్టే. 30 కంటే తగ్గితే కాగితం, పట్టు పెళుసుబారతాయి, అప్పుడు పాత వస్తువులను విప్పడం, మడవడం పెట్టుకోవద్దు. మేము రోహిణి కార్తెలో విప్పడం తప్పు. వానలు పడ్డాక, గాలి మెత్తబడ్డాక విప్పి ఉంటే ఆ గీత ఇంకొన్నాళ్లు నిలిచేదేమో.

వేడి లెక్క కూడా చిన్నదేం కాదు. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు పెరిగితే కాగితం పాడయ్యే వేగం సుమారు రెండింతలవుతుందని పరిరక్షకులు వాడే ముతక లెక్క. స్లాబు కింద పై అంతస్తు గది మే నెలలో 37 డిగ్రీలుంటే, కింది గది 27 ఉంటే, పైన పెట్టిన ఆల్బమ్ నాలుగింతల వేగంతో ముసలిదవుతుంది. అటక మీద, రేకుల కింద పెట్టిన పెట్టెల సంగతి చెప్పక్కర్లేదు. పాత మట్టి గోడల ఇంట్లో లోపలి గది ఉంటే, ఆ ఇంట్లో మేలైన మ్యూజియం గది అదే.

మడత విషయంలో చెయ్యగలిగింది తేలికే. మూడు నెలలకోసారి విప్పి, మడత గీతలు మారేలా మళ్లీ మడవాలి. మడతల్లో ఉతికిన తెల్లటి నూలు గుడ్డను చుట్టగా చేసి పెడితే వంపు గుండ్రంగా ఉంటుంది, జరీ విరగదు. తేలియా రుమాలు వంటి చిన్న గుడ్డలను గుడ్డ చుట్టిన గొట్టానికి చుట్టి పెట్టడం ఇంకా మంచిది. ఇనుప హ్యాంగరుకు పాత చీరను వేలాడదీయవద్దు, చీర బరువంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది.

మెరుస్తూ జారిపోయే పురుగు

గోడ మీది పటాన్ని కదిపితే వెనక నుంచి వెండిరంగు పురుగొకటి మెరుస్తూ జారిపోతుంది. దానికి పిండి పదార్థమంటే ప్రాణం. ఫొటో వెనక జిగురు, పుస్తకం అట్ట, గంజి పెట్టిన నూలు చీర దాని తిండి. నారాయణపేట నూలు చీరలకు గంజి పెట్టి ఇస్త్రీ చేసి దాచుకోవడం చాలామందికి అలవాటు. కట్టుకునే చీరకు గంజి పెట్టండి. దాచే చీరకు గంజి మొత్తం పోయేదాకా జాడించి పెట్టండి. చుట్టే మల్లు గుడ్డకు కూడా కొత్తలో గంజి ఉంటుంది కాబట్టి ముందు ఉతకాలి. వార్తాపత్రిక మాత్రం వద్దే వద్దు. ఆ కాగితంలో ఆమ్లం పుడుతుంది, పక్కనున్న బట్టను పచ్చబరుస్తుంది, సిరా కూడా అంటుకుంటుంది.

గంజి మాట వచ్చింది కాబట్టి పటం కథల పటాలనూ చెప్పాలి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవాళ్లు తెలంగాణ ఊళ్లలో పటం విప్పి కథ నడిపేవారు. మూడడుగుల వెడల్పు, ఒక్కోసారి అరవై అడుగుల దాకా పొడవు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డ మీద బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి పటం గుడ్డ తయారుచేస్తారు. పురుగుకు ఇంతకంటే విందు లేదు. పటం పాతబడి చిరిగితే శాస్త్రోక్తంగా నదిలో కలిపి కొత్తది గీయించుకునేవారు. గీసే ఇళ్లు ఎన్నో ఉన్నప్పుడు అది సరైన ఆచారమే. ఇప్పుడు గీసే ఇళ్లు వేళ్ల మీద లెక్కించేన్ని. మీ ఇంట్లో చేర్యాల బొమ్మ ఉంటే మడవవద్దు, సుద్ద పూత పగిలి రాలుతుంది. తడి గుడ్డతో తుడవవద్దు, పూత కరుగుతుంది. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

చెదల గురించి మహబూబ్‌నగర్ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పట్టణం పక్కనున్న పిల్లలమర్రి, మూడెకరాలు కప్పిన వందల ఏళ్ల చెట్టు, చెదలు పట్టి 2017 చివర్లో కొమ్మ విరిగిపడింది. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందెక్కించి దాన్ని కాపాడుకున్నారు. అంత చెట్టునే వదలనివి వెదురు చట్రాన్ని వదులుతాయా? పటం వెనక గోడ మీద పెన్సిలంత లావు మట్టి గీత కనిపిస్తే అది చెదలు వేసుకున్న దారి. చట్రానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాలుండి, కింద పిండిలాంటి పొడి రాలుతుంటే అది చెక్కపురుగు. పొడి కొత్తగా రాలుతున్నదంటే పురుగు లోపల బతికే ఉంది. పటం గోడకు పూర్తిగా ఆనకుండా కింది రెండు మూలల్లో అర అంగుళం బిరడా ముక్కలు అతికిస్తే వెనక గాలి ఆడుతుంది, చెమ్మ నిలవదు, పురుగు కూడా కనపడుతుంది.

బట్టకు పురుగు పట్టిందని అనుమానమైతే ఫ్రీజరు మంచి మందు. పొడిగా ఉన్న బట్టను పాలిథిన్ సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, -18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. తీశాక సంచిని ఒక రోజంతా తెరవకూడదు, తెరిస్తే చల్లటి బట్ట మీద నీరు పడుతుంది. ఒంటితలుపు ఫ్రిజ్‌లోని మంచు అర అంత చల్లబడదు. రంగులు పూసిన పటాలకు, అద్దం ఉన్న ఫొటోలకు ఈ పద్ధతి పనికిరాదు.

కలరా ఉండలు, మనం డాంబర్ గోలీలని పిలిచేవి, వద్దంటాను. వాటి ఆవిరి బట్టలో ఇంకుతుంది, ఆ బట్టల్లో చుట్టిన పసిపిల్లల్లో కొందరికి రక్తకణాలు విరిగిపోయిన సంఘటనలు వైద్యశాస్త్రంలో నమోదయ్యాయి. ఐరోపా సమాఖ్య దేశాలు 2008లో వాటి అమ్మకాన్ని ఆపేశాయి. వేపాకు వేసేవాళ్లు పూర్తిగా ఎండినది గుడ్డలో మూటగట్టి పెట్టండి, పచ్చి ఆకు చెమ్మ తెస్తుంది.

నీళ్లు, జరీ

నల్లగొండ నీళ్లంటే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మనుషులకు అది చేసిన కీడు మాటల్లో చెప్పలేనిది. బట్టకు కీడు చేసేది మాత్రం నీటి కాఠిన్యం. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం మంచిదంటుంది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. చాలా బోర్ల నీళ్లు మొదటి గీతను దాటే ఉంటాయి. అలాంటి నీళ్లలో సబ్బు నురగ రాక తెట్టు కడుతుంది, అది పోగుల మధ్య చిక్కి బట్టను బూడిదరంగు చేస్తుంది. పాత నూలు గుడ్డను ఉతకక తప్పకపోతే చివరి జాడింపు వాన నీళ్లతోనో ఫిల్టరు నీళ్లతోనో చేయండి. ముందు ఒక మూలను తడిపి తెల్ల దూదితో అద్ది చూడండి. రంగు అంటితే ఉతికే ఆలోచన మానుకోండి.

జరీ ఉన్న పాత చీరను ఇంట్లో ఉతకనే వద్దు. అసలు జరీ అంటే పట్టు పోగు చుట్టూ వెండి తీగ, దాని మీద చాలా పలుచని బంగారు పూత. గాలిలో ఉండే గంధకం తగిలి వెండి నల్లబడుతుంది. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని శాలువాలు పక్కన ఉంటే ఇంకా తొందరగా నల్లబడుతుంది. చింతపండుతో, నిమ్మకాయతో, టూత్‌పేస్టుతో తోమితే నలుపుతో పాటు బంగారమూ పోతుంది. సెంటు నేరుగా చీర మీద కొట్టకండి. కట్టి విప్పాక చెమట ఆరేదాకా నీడలో వేసి, ఆ తర్వాతే లోపల పెట్టండి.

48 గంటలు

2009 అక్టోబరు మొదట్లో కృష్ణా, తుంగభద్ర కలిసి పొంగాయి. అలంపూర్‌లోకి నీళ్లొచ్చాయి, తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి మునిగింది. రాజోలి నేతగాళ్ల ఊరు. గుంట మగ్గం ఉన్న ఇంట్లోకి నీళ్లొస్తే ముందు నిండేది ఆ గుంటే. మెట్ట ప్రాంతం కాబట్టి వరద మనకు రాదన్న నమ్మకం ఆ వారంతో పోవాలి. బీరువా అడుగు అరను నేలకు కనీసం ఒక జానెడు పైన ఉంచడం ఆనాటి నుంచి నేర్చుకోవాల్సిన పని.

తడిసిన బట్ట మీద, కాగితం మీద 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఆ రెండు రోజుల్లో ఏం చేశామన్నదే ముఖ్యం. తడి చీరను ఎత్తితే దాని బరువుకే చిరుగుతుంది, కింద దోమతెరో, గుడ్డో పరిచి దానితో పాటు ఎత్తాలి. బురదను శుభ్రమైన నీళ్లతో మెల్లగా పోనివ్వాలి, రుద్దకూడదు. రంగులు ఒకదానికొకటి అంటకుండా మధ్యలో తెల్ల గుడ్డలు వేసి, నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఇస్త్రీ పెట్టకూడదు. ఫొటో తడిగా ఉండగానే ఫ్రేము నుంచి తీయాలి. అద్దానికి అంటుకుంటే అద్దంతో సహా శుభ్రమైన నీళ్లలో ఉంచితే చాలాసార్లు జారి వస్తుంది. బొమ్మ పైకి ఉండేలా ఆరబెట్టాలి. ఇదివరకే ఆరి అద్దానికి పట్టేసిన ఫొటోను మాత్రం లాగొద్దు, బొమ్మ అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేయించి, అట్లాగే ఉంచండి.

స్కానింగ్ విషయంలో ఒక మాట. 600 డీపీఐలో స్కాన్ చేయించి, ఆ నకలును ఫ్రేము కట్టించి గోడకు పెట్టండి, అసలును లోపల దాచండి. పూజగదిలో దీపం పొగ, పూలదండ చెమ్మ, అద్దం సందులోంచి లోపలికి దిగే కుంకుమ అన్నీ అప్పుడు నకలు మీదే పడతాయి. ఫ్రేము కట్టించేటప్పుడు బొమ్మకూ అద్దానికీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉండేలా అట్ట వేయించండి, వెనక సెల్లోటేపు అతికించనివ్వకండి. మా తాతయ్య ఫొటోకు ఒక దుకాణంలో టేపు వేశారు. పదేళ్లకు టేపు ఊడింది, దాని పచ్చటి బంక మాత్రం ఆయన భుజం మీదుగా ముందుకు వచ్చింది.

చెయ్యి దాటిపోయిందనిపిస్తే అతికించే ప్రయత్నం చేయకండి, ఇంటి బంక, ఇంటి కుట్టు నష్టాన్ని ముదురుస్తాయి. 1951లో మొదలైన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పరిరక్షణ ప్రయోగశాల ఉంది. ఏం చేయకూడదో అక్కడ అడిగినా చాలు.

అమ్మమ్మ చీరను మేము కుట్టలేదు. వానలు పడ్డాక, గదిలో తేమ 50 దగ్గర ఉన్న రోజున, మంచం మీద తెల్ల దుప్పటి పరిచి దాన్ని పూర్తిగా విప్పాం. తెగిన అంచు కింద మల్లు గుడ్డ పరిచాం. పాత గీత మీద మళ్లీ మడత పడకుండా, గుడ్డ చుట్టలు పెట్టి నాలుగు మడతలుగా మార్చాం. పైన ఒక చీటీ పెట్టాను, పెన్సిలుతో రాసింది: "మడత మార్చింది దసరాకు. మళ్లీ మార్చాల్సింది సంక్రాంతికి."